కొండ దిగిన ఫోటో

మా కోనసీమలో కొండ లేదు. ఎత్తంటే మాకు ఏటిగట్టే. వరద ఊళ్ళ మీదికి రాకుండా గోదావరి పొడుగునా పోసిన ఆ మట్టికట్ట ఎక్కితే కొబ్బరితోటలు కాస్త కిందుగా కనిపిస్తాయి, నాలుగు వైపుల నుంచీ గాలి తగులుతుంది. దాన్ని ఎక్కి దిగడమే పెద్ద సంగతనుకుని పెరిగినదాన్ని నేను.

అమలాపురానికి ఇవతల ఒక ఊళ్ళో టీచర్ని. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి కాలువగట్టు మీద సైకిలు తొక్కుకుంటూనే బడికి వెళ్తున్నాను. స్కూటీ కొనుక్కోమని ఇంట్లో ఎంత పోరినా వినలేదు. గట్టు సన్నం, పక్కన నీళ్ళు, ఎదురుగా గేదెలు. ఏ గేదె మీదికొచ్చినా ఎడమకాలు టక్కున నేలకు ఆనించి ఆగిపోతాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కాలువలో పడలేదు. ఈ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పడం నాకు అలవాటు.

అలా చెప్పబట్టే మా బడిలో వ్యాయామం నేర్పే టీచరు నన్ను పట్టుకుంది. నాకన్నా బాగా చిన్నది. సెలవొస్తే సైకిలేసుకుని ఎక్కడెక్కడికో పోయే మనిషి.

"మేడంగారూ, మారేడుమిల్లి అడవిలో సైకిళ్ళకని దారులున్నాయండి. కొండెక్కి, అవతలివైపు వాగు దాకా దిగడమేనండి. గట్టు మీద అంత బాగా తొక్కుతారు, మీరు రాకపోతే ఎలాగండీ?" అంది.

"అలాగేనమ్మా, వస్తాను" అనేశాను. మాట నోరు దాటాక మోకాళ్ళు గుర్తొచ్చాయి.

దానికోసం సాధన కూడా చేశాను. ఎక్కడనుకున్నారు? ఏటిగట్టు మీద. ట్రాక్టర్లు ఎక్కడానికి చేసిన వాలు ఒకటుంది. బడి వదిలాక రోజూ దాని మీద ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. దిగేటప్పుడు భయమేస్తే ఎడమకాలు ఆనించడం. అక్కడ వలలు ఆరేసుకునేవాళ్ళు పని ఆపి నన్నే చూసేవారు. మెచ్చుకుంటున్నారనే అనుకున్నాను.

మా మేనత్త మా పక్కింట్లోనే కొడుకు, కోడలి దగ్గర ఉంటుంది. వరదకు భయపడి ఎత్తుగా కట్టిన ఇల్లు. వీధిలోకి రావాలంటే నిటారు మెట్లు దిగాలి. కిందటి వానాకాలం ఆ మెట్ల మీదే జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది, ఎముక అతుక్కుంది, ఇక నడవమని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కర్ర పట్టుకుని బాగానే నడుస్తుంది. మెట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం గుమ్మం పట్టుకుని నిలబడిపోతుంది. ఎత్తుకుని దింపుతానంటే కొడుకు మీద కస్సుమంటుంది. ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుని పాట ఎత్తుకునే మనిషి, నెలల తరబడి కిటికీ దగ్గర కూర్చుని దూరం నుంచి చర్చి మైకు వింటోంది. మాట తగ్గింది. తిండీ తగ్గింది.

"ఇలాగైతే మా అత్తగారు మనకి దక్కరండి అక్కగారూ" అని కోడలు నా దగ్గర కళ్ళు తుడుచుకుంది.

కొండ సంగతి చెప్పినప్పుడు అత్త చాన్నాళ్ళకి నవ్వింది.

"నువ్వా? కొండా? అయితే ఒకటే మాట. నువ్వు సైకిలు మీద కొండ దిగొస్తే నేనూ మా మెట్లు దిగుతాను. చర్చికి నా కాళ్ళతో నేనొస్తాను."

"మాట తప్పకూడదత్తా."

"ముందు నువ్వు తప్పకే."

ఆ ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ఆరాధనలో నన్ను లేపి నిలబెట్టి ప్రార్థన చేశారు. మా సంఘంలో ఎవరు దూర ప్రయాణం పెట్టుకున్నా, పరీక్ష రాసినా, కంటి ఆపరేషనుకి వెళ్ళినా ఇలా ప్రార్థన చేసి పంపుతారు. క్షేమంగా తిరిగొచ్చాక వాళ్ళు అదే చోట నిలబడి జరిగింది జరిగినట్టు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యంలో అబద్ధమాడినవాళ్ళని నేనెరగను, అప్పటిదాకా.

శుక్రవారం సాయంత్రం వ్యానులో బయల్దేరి మారేడుమిల్లి చేరాం. శనివారం పొద్దున్న సైకిళ్ళిచ్చారు. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, వేలికందే చోట గేర్లు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. ఎర్రమట్టి బాట, రెండువైపులా వెదురు పొదలు, దారికి అడ్డంగా చెట్ల వేళ్ళు. రొప్పుతూ, మధ్యమధ్యలో తోసుకుంటూ, మొత్తానికి ఎక్కేశాను. పైకొచ్చి అవతలివైపు చూశాను. నా ముందున్న దారి ఉన్నట్టుండి మాయమై, చాలా కింద చెట్ల మధ్య మళ్ళీ కనిపించింది. మధ్యలోదంతా దిగాలి. మా ఏటిగట్టు దీని మోకాలికి కూడా రాదు.

టీచరు ముందుగా దిగి, మలుపు దగ్గర ఆగి కేకేసింది.

"రండి మేడంగారూ! బ్రేకు ఒక్కసారిగా నొక్కకండి! కాళ్ళు మాత్రం పెడళ్ళ మీంచి తియ్యకండి!"

సరిగ్గా అదే తీశాను. సైకిలు కాస్త జోరందుకుందో లేదో, నా ఎడమకాలు తన అలవాటు కొద్దీ గట్టు కోసం వెతుక్కుంటూ బయటికొచ్చింది. అక్కడ గట్టు లేదు. సైకిలొక పక్కకి, నేనొక పక్కకి పడ్డాం. దెబ్బ పెద్దగా తగల్లేదు. మళ్ళీ ఎక్కబోతే సైకిలు నాకన్నా ముందే కిందికి జారింది, నడుద్దామంటే అడుగడుక్కీ బూట్లు జారాయి. వెనకొచ్చే కాలేజీ పిల్లలు "ఆంటీ, కొంచెం పక్కకి ఉంటారాండి" అని మర్యాదగానే అడిగి, నన్ను దాటుకుని రయ్యిన దిగిపోయారు. ఇక లాభం లేదని కూలబడ్డాను. చేతులు వెనక్కి ఆనించి, చంటిపిల్లలా పిర్రల మీద జరుగుతూ జరుగుతూ కొండంతా దిగాను. సైకిలు ఎవరో మోసుకొచ్చారు. ఆ రోజుకని కొన్న కొత్త ట్రాకు ప్యాంటు వెనకంతా ఎర్రమట్టి. సిగ్గుతో చచ్చిపోయాను.

వాగు దగ్గర టీచరు ఏమీ జరగనట్టు మట్టి దులిపి, నా హెల్మెట్టు సరిచేసి, సైకిలెక్కించి ఫోటో తీసింది. వెనకాల కొండ, ముందు నేను, పళ్ళికిలిస్తూ. ఆ ఫోటో మా సంఘం స్త్రీల వాట్సాప్ గ్రూపులో పెట్టింది ఎవరో కాదు, నేనే. కింద "కొండ దిగేశాను, దేవునికి స్తోత్రం" అని రాసిందీ నేనే. సైకిలు మీద అని రాయలేదు కదా, అని వ్యానులో నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఫోను నిండా స్తోత్రాలూ చప్పట్లూ వచ్చి పడుతుంటే ఆ సర్దుబాటు ఎంతోసేపు నిలవలేదు. రాజమండ్రి దగ్గర అత్త కోడలు ఫోను చేసింది.

"మా అత్తగారికి ఫోటో చూపించేనండి. అలా చూస్తూనే ఉన్నారు."

మర్నాడు ఒళ్ళునొప్పులని చెప్పి చర్చి మానేద్దామనుకున్నాను. "సాక్ష్యం మీదేనమ్మా" అని పొద్దున్నే అయ్యగారి ఫోను. వెళ్ళాను. గుమ్మంలో అడుగు పెట్టేసరికి ముందు వరసలో అత్త! తెల్లచీర, పక్కన కర్ర. నన్ను చూసి 'ఏం?' అన్నట్టు గడ్డం ఎగరేసింది.

"మన సహోదరి కొండ దిగేరు. అది చూసి మన పెద్దమ్మగారు ఇంటి మెట్లు దిగేరు" అన్నారు అయ్యగారు మైకులో. సంఘమంతా చప్పట్లు కొట్టింది.

నిజం చెప్పడానికే లేచాను. మైకు ముందు నిలబడ్డాక అత్త ముఖం కనిపించింది. ఇప్పుడు చెబితే ఈమె మళ్ళీ కిటికీ దగ్గరికి పోతుంది కదా అనుకున్నాను. అది నిజమే. పిర్రల మీద దిగానని అంతమందిలో చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదన్నదీ అంతే నిజం. వీటిలో ఏది నా నోరు కట్టేసిందో నాకు తెలుసు.

"దేవుడు నన్ను క్షేమంగా దింపేడండి" అని కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి.

ఆరాధన అయ్యాక వంట చూసుకోవాలని కోడలు ముందే ఇంటికెళ్ళింది. అత్తని ఆటోలో నేను తీసుకొచ్చాను. మెట్ల ముందు దిగి, ఎక్కదే! ఆటో వెళ్ళిపోనీ అంది. ఎదురింటివాళ్ళు లోపలికి పోనీ అంది. వీధి ఖాళీ అయ్యాక నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒక మాట చెప్తాను, ఎవరితోనూ అనకు. నీలాగ దర్జాగా దిగలేదే నేను. తెల్లారగట్ట, వీధిలో ఎవరూ లేవకముందే, గుమ్మంలో కూలబడి ఒక్కో మెట్టూ కూర్చునే జరిగేను. వెనకంతా దుమ్మయితే కోడలు దులిపింది. నువ్వు కొండ దిగొస్తివి, నేను మెట్లు దిగడానికి ఇలాగ. సిగ్గేసిందే. ఇంక రాను చర్చికి."

నాకు తల కొట్టేసినట్టయింది. పట్టుచీరతోనే కింది మెట్టు మీద కూర్చున్నాను.

"అత్తా, నేనూ అలాగే దిగేను."

"ఏంటీ?"

"కొండ. పిర్రల మీద. మొత్తం. సైకిలు ఎవరో మోసుకొచ్చేరు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మరి మైకు ముందు నిలబడి..."

"చెప్పడానికి సిగ్గేసిందత్తా."

"తెల్లారగట్ట ఈ మెట్ల మీద ఏడిచేనే నేను. ఆ ముక్క నిన్ననే చెప్పుంటే అందరూ చూస్తుండగానే దిగుదును కదే!"

అత్త కర్ర పక్కన పడేసి, నా భుజం పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చుంది. వీపు ఇంటివైపు పెట్టి, చేతులు పైమెట్టు మీద ఆనించి, ఒక మెట్టు పైకి జరిగింది. నేనూ జరిగాను. అంతలో ఎదురింటి తలుపు తెరుచుకుంది. నేను గబుక్కున లేవబోయాను.

అత్త నా కొంగు పట్టుకుని లాగింది.

"కూర్చోవే. చూడనీ."