పాషా మియా ఒడిలో చెంబు

పాషా మియాకు ఉన్నది ఒకటే పిచ్చి. కదిలే బండిలో చెంబెడు నీళ్లు తొణకకూడదు. తొణికితే తప్పు బుష్‌లది. బుష్‌లంటే మరేం కాదు, కారు కుదుపును ఆపే కమాన్ పట్టీల చివర ఉండే రబ్బరు గుల్లలు.

ఆయన తన డెబ్బై రెండు మోడల్ అంబాసిడర్ వెనక సీట్లో, అంచుదాకా నిండిన ఇత్తడి చెంబును ఒడిలో పెట్టుకొని మంత్రిలాగా నిటారుగా కూచొని పోతుంటే ఇబ్రహీంపట్నంలో చూడనివాళ్లు లేరు. తిరిగొచ్చి దిగేటప్పుడు ఆయన లుంగీని చూసి జనం బండి జబ్బు చెప్పేవాళ్లు. ఒడి తడిస్తే బుష్‌లు, మోకాళ్లదాకా తడిస్తే షాకబ్జర్లు. చాయ్ హోటల్ ముందు రోజూ అదే ముచ్చట.

"ఇయ్యాల ఎంత తడిసిండు?"

"బొడ్డు కాడికి."

చెంబు మియాది, స్టీరింగ్ గోపయ్యది. మోకాళ్లు అరిగి మియా క్లచ్ తొక్కడం మానేసి నాలుగేండ్లయింది. గోపయ్య సామాన్యుడు కాడు. ఊరి బడిలో ఏడో తరగతి ఫస్టున పాసైనవాడు. ఆర్టీసీ బస్సును ఇరవై తొమ్మిదేండ్లు నడిపి రోడ్డు మీద ఒక్క కోడిని తొక్కనివాడు. పంద్రాగస్టు నాడు కలెక్టరు చేత శాలువా కప్పించుకున్నవాడు. దారి అడిగినవాడికి కూడా ఈ మూడు సంగతులు చెప్పాకే దారి చెప్పేవాడు.

కోళ్ల సంగతిలో ఒక చిన్న మెలిక ఉంది. పెళ్లయిన కొత్తలో భార్య నాగులమ్మ ఆయన బస్సెక్కింది. మన్నెగూడ దగ్గర బర్రె అడ్డం వస్తే గోపయ్య బ్రేకు కొట్టాడు. నాగులమ్మ పోయి ఎవరిదో కోళ్లగంపలో పడింది. రెండు కోళ్లు చచ్చాయి. "అవి బస్సు లోపట సచ్చినయి, రోడ్డు మీద కాదు" అని గోపయ్య వాటిని లెక్కలోకి రానివ్వలేదు. నాగులమ్మ మళ్లీ ఆ బస్సెక్కలేదు.

ఆ ఇరవై తొమ్మిదేండ్లూ గోపయ్య బస్సుండే డిపోలోనే మియా మెకానిక్. డిపోలో ఒక పద్ధతి ఉంది. డ్రైవరు బండి కిందికి వంగి చూడడు. డ్యూటీ దిగి కంప్లైంటు బుక్కులో రాస్తాడు. మెకానిక్ చూసి దాని కింద రాస్తాడు. గోపయ్య రోజూ ఒకటే రాసేవాడు: 'కమాన్ పట్టీలు సరిగ్గా లేవు. ప్రయాణికులు ఎగిరి పడుతున్నారు.' మియా రోజూ ఒకటే రాసేవాడు: 'రిపేర్ అయింది.' మరునాడు ప్రయాణికులు మళ్లీ ఎగిరి పడేవాళ్లు.

ఇద్దరూ రిటైరయ్యారు. పట్నం సాగర్ రోడ్డు పట్టుకొని ఇటువైపు నడిచొస్తున్న రోజులవి. తుర్కయాంజాల్ దాటితే చాలు, చెలకల నిండా ప్లాట్ల రాళ్లు, రంగు జెండాలు. కంకర టిప్పర్లు తిరిగి తిరిగి రోడ్డును జల్లెడ చేశాయి.

ఆ ఏడు మాఘమాసంలో నాగులమ్మ వెన్నులో గడ్డ బయటపడింది. ఉగాది వెళ్లాక ఇరవై అయిదు రోజులు పట్నం దవాఖానలో గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలన్నారు. రోజూ పోయి రావాలి. ఎముక పెళుసయింది, కుదుపు తగలొద్దన్నారు. పరీక్షలకని ఒకసారి షేర్ ఆటోలో పోతే తుర్కయాంజాల్ రాకముందే ఆమెకు స్పృహ తప్పింది. ప్లాట్ల బ్రోకర్ భూపాల్ తన స్కార్పియోను డ్రైవరుతో సహా ఇస్తానన్నాడు. నాగులమ్మ వద్దంది.

"పరాయోడు నడిపితె పండ్లు కొరుక్కొని పండుకోవాలె" అని మొగుడితో చెప్పింది. "నువ్వు నడుపు. నొస్తె నోరార తిట్టుకుంట పోత. లేకుంటె నేను పోనే పోను."

గోపయ్య మియా దగ్గరికి పోయి తల వంచుకొని నిలబడ్డాడు. "మియా, నీ బండి గావాలె."

"బండి నీదే గోపన్న. కని గీ బుష్‌లతోని అక్కను ఎక్కియ్య" అన్నాడు మియా.

మరునాడే ఇద్దరూ పట్నం పోయి పార్టుల దుకాణంలో కూచున్నారు. దుకాణదారు మూడు రకాల బుష్‌లు ముందు పెట్టాడు. మియా ఒక్కొక్కటి తీసి పంటితో కొరికాడు.

"మియా, గది తినేటిది కాదు."

"తింటలేను. మా అక్క నడుము కింద ఎట్లుంటదో చూస్తున్న."

"గట్టి రబ్బరు తీస్కో. పదేండ్లు గ్యారంటీ."

"పదేండ్లు నాకెందుకు" అన్నాడు మియా. "ఇరవై అయిదు రోజులు చాలు. మెత్తది ఇయ్యి."

గోపయ్య వీధి వైపు తిరిగి, వచ్చేపోయే బస్సుల నంబర్లు చదువుతూ కూచున్నాడు.

తర్వాత షాకబ్జర్ల వంతు. గ్యాసువి కొత్తగా వచ్చాయి, కుర్రకారంతా అవే వేయిస్తున్నారన్నాడు దుకాణదారు. మియా ఒకదాన్ని నేలకు ఆనించి అరచేత్తో నొక్కాడు. "ఒత్తితె ఎదురు తంతున్నది. ఇది కొట్లాటకు పనికొస్తది." నూనెదాన్ని నొక్కాడు. అది మెల్లగా దిగి, మెల్లగా లేచింది. "ఇది ముసలోడు మంచం మీద కూసున్నట్టు కూసుంటున్నది. గిదే కట్టు."

అవి బిగించి మన్నెగూడ దాకా పోయి వచ్చారు. మియా నడుం కింద పొడిచోటు లేదు. గోపయ్య డిపో అలవాటు మానలేదు, రెండొందల పేజీల నోట్‌బుక్ కొని మొదటి పేజీలో రాశాడు: 'బుష్‌లు సరిగ్గా లేవు.'

"అవ్ గోపన్న, రబ్బరే ఖరాబ్. నీ కాలుది తప్పేం లేదు" అన్నాడు మియా లుంగీ పిండుకుంటూ. "వేరే జత ఏస్త. అది జర సిగ్గు రబ్బరు. గుంత దూరముండంగనే బ్రేకు మీద కాలు పెట్టు. దగ్గరికి పోయినంక తొక్కితె అలుగుతది."

రెండో జత సిగ్గుది. మూడోది పసిపిల్లలాంటిది, క్లచ్ వదిలేటప్పుడు నిద్రలేపొద్దు. నాలుగోదానికి కోపమెక్కువ. ప్రతిసారీ మియా ఒక పగలంతా బండి కింద దూరి ఉండేవాడు. గోపయ్య కిందికి వంగి చూడలేదు, డ్రైవరు కదా. రబ్బరు గుణాన్ని బట్టి కాలు మార్చుకుంటూ, పుస్తకంలో రాసుకుంటూ పోయాడు.

భూపాల్ చాయ్ హోటల్ ముందు ఆపి అడిగాడు. "మియా, లుంగీ ఆరెదాక అన్న ఆగరాదు. గా డబ్బను తుక్కుకేసి మంచి బండి కొనుక్కో."

"నీ బండిల చెంబు పెట్టు భూపాల్. ప్లాట్లు చూడవోయినోళ్లు తిరిగొచ్చి మా ఇంటి ముంగటనే కక్కుతున్నరు."

ఏడో జతకు చెంబు తొణకలేదు. మియా పొడి లుంగీతో దిగేసరికి హోటల్ ముందు జనం చిన్నబోయారు.

ఇరవై అయిదు రోజులు గోపయ్య నడిపాడు. వెనక నాగులమ్మ, మియా భార్య రజియా బేగం ఒడిలో తల పెట్టుకొని పడుకునేది. మొదట్లో ఒకటి రెండు తిట్లు వినిపించేవి. తర్వాత అవీ లేవు. ఇరవయ్యో రోజు తుర్కయాంజాల్ దాకా పోయాక ఆమె కండ్లు తెరిచింది.

"మన్నెగూడ వచ్చిందా?"

"ఎప్పుడో దాటింది. నువ్వు పండుకున్నవ్" అన్నాడు గోపయ్య.

"గప్పుడు గిట్ల నడిపితె రెండు కోళ్లు బతుకుతుండె" అని ఆమె మళ్లీ కండ్లు మూసుకుంది.

ఆషాఢంలో నాగులమ్మ పోయింది.

దినాలయ్యాక గోపయ్య నోట్‌బుక్ పట్టుకొని మియా ఇంటికి పోయాడు. మియా నమాజుకు పోయాడు. రజియా బేగం పీట వేసి కూచోబెట్టింది.

"చెల్లె, ఏడో జత ఆమెను సుఖంగ తీస్కపోయింది. మిగిలిన ఆరు జతలు ఇంట్లనే ఉన్నయా? ఎవలికన్న పనికొస్తయి."

"ఏం ఆరు జతలన్నా? కొన్నది ఒకటే జత. నువ్వు ఎంబడే ఉంటివి గద."

"మరి దినామంత బండి కింద ఏం చేసిండు?"

"పండుకునెటోడు. కింద సల్లగుంటది."

గోపయ్య వాకిట్లో ఉన్న అంబాసిడర్ వైపు తిరిగాడు. రజియా బేగం కొంగు సర్దుకుంది. "అక్కనే చెప్పింది ఆయనకు. 'మనిషికి చెప్తె నొస్తది పాషన్న, బండికి చెప్పు' అన్నది. రోజూ తడిసొచ్చి దగ్గు వట్టింది. కషాయం తాగుకుంటనే మల్ల చెంబు నింపుకుండు."

"మరి డిపోల? గా ఇరవై తొమ్మిదేండ్లు?"

"గా సంగతి నాకెర్క లేదు. కని డిపోల గుడ మంచిగ నిద్రపట్టేదని చెప్తుండె."

గోపయ్య నోట్‌బుక్ తెరిచి, ఏడో తరగతిలో ఫస్టొచ్చిన గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'బండిలో ఏ లోపమూ లేదు. డ్రైవరు బ్రేకు గట్టిగా కొడుతున్నాడు. ఇరవై తొమ్మిదేండ్ల నుంచి.' సంతకం పెట్టి, పుస్తకాన్ని అంబాసిడర్ బానెట్ మీద ఉంచి వచ్చేశాడు.

పొద్దున లేచి చూస్తే పుస్తకం ఆయన గడప మీద ఉంది. కింద మియా వంకర అక్షరాలు: 'రిపేర్ అయింది.' పక్కన సంతకం, తేదీ. ఆ తేదీ నిన్నటిది కాదు. నాగులమ్మ మన్నెగూడ దాటేటప్పుడు నిద్రపోయిన రోజుది.