గంజి తిరగడం ఆగిన పొద్దు

సైన్సు టీచరైన నా కూతురు, నా బంగారుతల్లి, ఈ రోజు గాజుగిన్నెలో నీళ్లు కాచి, వేడినీళ్లు పైకి లేచి చల్లనివి కిందికి దిగడం పిల్లలకు చూపిస్తుంటే ఎంత సంతోషమో! ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్లలో పెరిగినవాళ్లారా, పొద్దున్నే పడుగు నూలు మగ్గం మీద తెగకుండా గంజి పట్టించడం గుర్తుందా?

నా చిన్నప్పుడు ఒకరోజు అమ్మ పొయ్యి మీద గంజికుండ పెట్టి, తెడ్డు నాకిచ్చి, కలబెడుతూ ఉండమని నీళ్లకు పోయింది. పిండినీళ్లు వాటంతటవే పైకీ కిందికీ తిరుగుతుంటే, ఇక నేనెందుకని చూస్తూ కూర్చున్నాను. చిక్కబడితే వేడి పైకి రాదని నాకేం తెలుసు? తిరగడం ఆగింది, మాడు వాసన వచ్చింది. ఎంత గెలికినా అడుగు ఊడలేదు.

వీధిలో పడుగు సాచి, గంజి పూసే కుంచె పట్టుకున్న నాయన కేకేశాడు: "గంజి యాడప్పా? ఎండొస్తాండాది!"

"వాటికవే తిరుగుతా ఉండె నాయనా... నిలిచిపోయినాయి."

నాయన కుండలోకి చూశాడు. మాడిన గంజి తెల్లనూలుకు పనికిరాదు. పడుగు చుట్టేశాడు. ఆ రోజు మగ్గం ఆడలేదు.

కొట్టినా బాగుండేది, ఏడ్చేవాణ్ణి.