లైనంతా పడ్డ ఫోటో

నా చిన్నప్పుడు ఫోటోను రెండు చేతులతో పట్టుకొని చూసేవాళ్లం, ఇప్పటిలా బొటనవేలితో పైకి తోసేసేవాళ్లం కాదు. ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మొన్న మా పై వాటాలో ఉండే కుర్రాడు గోదావరి ఒడ్డుకు పోయి రాత్రిపూట ఆకాశాన్ని ఫోటోలు తీసుకొచ్చాడు. వాడి ఉద్యోగం వేరు, ఇది వాడి సరదా. మిద్దె మీద మేం నలుగురం ముసలివాళ్లం కూర్చుంటే సంబరంగా ఫోన్ తెచ్చి చూపించాడు. ఒకాయన చూసీ చూడకముందే పక్కాయన చేతిలో పెట్టాడు. ఆ పక్కాయన "మంచిగనే ఉన్నయ్ గని జర మసక మసకున్నయ్ బిడ్డా. ఫోన్ల వెతికితే ఇంతకన్న మంచియి మస్తు దొరుకుతయ్" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. రాత్రంతా మంచులో నిలబడి తెచ్చిన ఫోటోకు మనం ఇచ్చే మర్యాద ఇదా? పెళ్లి భోజనానికి పోయి విస్తరి ముందు నిలబడి, తినకుండానే రుచి లేదని చెప్పినట్టు లేదూ?

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చుక్కలు ఎందుకు తిరుగుతాయో, నిజానికి తిరిగేది అవా మనమా అన్నది తర్వాతి రోజుల్లో గ్రంథాలయంలో కూర్చుని నాకు నేనే చదువుకున్నాను. కానీ చుక్కల ఫోటోను ఎలా చూడాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. మా మేనమామ చెప్పాడు.

అప్పుడు మేం గోదావరిఖనిలో బొగ్గుబాయికి, అంటే బొగ్గు గనికి, దగ్గరగా ఉన్న లైన్లలో ఉండేవాళ్లం. ఒకే వరసలో, గోడకు గోడ ఆనుకొని ఇళ్లు, ముందు మట్టిదారి, దారి దాటితే ఖాళీ జాగా. మా లైనుకు అప్పటికింకా కరెంటు రాలేదు. పొద్దుగూకగానే ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు బొగ్గు కుప్ప పోసి నిప్పు పెట్టేవారు. పొగంతా పోయి బొగ్గు ఎర్రగా కాలాక దాన్ని పొయ్యిలోకి ఎత్తుకొని వంట మొదలుపెట్టాలి. ఆ పొగ తెల్లగా, చిక్కగా లేచి కప్పుల మీద పరుచుకొనేది. కళ్లు మండేవి, దగ్గు వచ్చేది. మాకు అదే సాయంత్రం. చుక్కలంటే సెలవులకు కమాన్‌పూర్ దగ్గర మా అమ్మమ్మ ఊరికి పోయినప్పుడు కనబడేవి అనుకొనేవాణ్ణి. అవి ఆ ఊరి సొత్తనే నా నమ్మకం.

మా మేనమామ, అమ్మకు తమ్ముడు, బాయిలో బదిలీ ఫిల్లరుగా, అంటే రానివాళ్లకు బదులు టబ్బుల్లోకి బొగ్గెత్తే పనిలో చేరి, మా ఇంట్లోనే ఉండేవాడు. అంతకుముందు మంచిర్యాలలో ఒక ఫోటో స్టూడియోలో ఫోటోలు కడిగే పనిలో ఉన్నాడట. వచ్చేటప్పుడు ఆ స్టూడియో ఆయన తనకు అక్కరకురాని పాత కెమెరా ఒకటి మామకు ఇచ్చాడు. మామ దాన్ని గుడ్డలో చుట్టి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు దూలం మీద పెట్టేవాడు. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, ముఖమింకా కడుక్కోకుండానే అమ్మతో అన్నాడు: "కింద చూస్తే బొగ్గు, మీద చూస్తే బొగ్గు పొగ. అక్కా, ఒక్క పొద్దు లైన్ల పొయ్యిలు ముట్టియ్యకుంటే, గీ ఇండ్ల మీద సుక్కలు ఎట్లుంటయో ఫోటో తీస్త."

అమ్మ నవ్వింది. "సుక్కల కోసం ఎవరు పస్తుంటరురా?"

"సుక్కలొక్కటే గాదక్కా. లైన్ల అందరు పడతరు. ఒక్కరు గూడ పోకుండ."

అమ్మకు ఆ మాట పట్టుకుంది. మరునాడు నల్లా దగ్గర బిందెల వరసలో నిలబడి, తన తమ్ముడు లైనంతటినీ ఒకే ఫోటోలో తీస్తాడని, కాకపోతే ఆ సాయంత్రం పొగ ఉండకూడదని అందరికీ చెప్పింది. ఫోటో దిగడమంటే ఆ రోజుల్లో పెళ్లికో, నౌకరీ కాగితాలకో. పక్కింటి అవ్వ మొదట "పొయ్యి లేకుంటే నాకు చాయెట్ల?" అని గునిసినా, చివరకు పట్టంచు చీర పెట్టెలోంచి తీసింది. మేం ఖాలా అని పిలిచే చివరింటి ముస్లిం ఆవిడ ఒకటే అడిగింది: "అందరం పడతమా బహెన్? పక్కానా?" అమ్మ "పక్కా. నా మాట" అంది.

ఆ అమావాస్య సాయంత్రం గురించి చెప్పాలంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. ఆడవాళ్లంతా మధ్యాహ్నమే రొట్టెలు చేసి పెట్టుకొని, తలలు దువ్వుకొని, పౌడర్లు రాసుకొని, మంచి చీరలు కట్టుకొని, కటిక చీకట్లో గడపల మీద కూర్చున్నారు. ఎవరికి ఎవరి ముఖమూ కనబడదు. మామ దారికి ఇవతల ఖాళీ జాగాలో బొగ్గు డబ్బా బోర్లించి దాని మీద కెమెరా పెట్టాడు. దాని కన్ను తెరిచాడు. తెరిచినవాడు మళ్లీ మూయలేదు.

"అయిపోయిందా?" అని అవ్వ అరిచింది.

"ఇంక లేదవ్వా. మీ పని మీరు చేసుకోండ్రి."

"గింత సీకట్ల ఏం పనిరా, దయ్యాలకు పేలు చూడాల్నా?" అని ఆమె కందిలి వెలిగించి పక్కన పెట్టుకొని, నులకమంచం మీద కూలబడింది.

మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపుది ఆ వారం జనరల్ షిఫ్టు, పగటి డ్యూటీ. ఒళ్లంతా నల్లగా ఇంటికి వచ్చేసరికి స్నానానికి వేడినీళ్లు లేవు. "బొగ్గు తవ్వెటోని ఇంట్ల నీళ్లు కాగయా? మీ తమ్మునికి సుక్కలు గావాలె, నాకు మాత్రం చాయొద్దా? ఏం సుక్కలే, నిలబడి నవ్వుతయా ఫోటోకు?" అని సైకిలెక్కి మలుపు దగ్గరి హోటలుకు పోయాడు. అమ్మ కందిలి పట్టుకొని, రొట్టెల గంప చంకన పెట్టుకొని, ఎవరి పిల్లలైనా ఆకలితో ఉన్నారేమోనని ఇంటింటికీ బయల్దేరింది.

ఈలోగా పొగ లేని మా లైను మీద ఆకాశం తేటపడింది. మా అమ్మమ్మ ఊళ్లో ఉన్నవన్నీ ఇక్కడా ఉన్నాయి! పిల్లలమంతా జాగా నిండా గంతులేశాం. అవ్వ చాయ్ సంగతి మరిచిపోయి, మంచం మీది నుంచే చేయెత్తి "అగో పిల్లలకోడి. అవి గొర్రుకొయ్యలు. మా నాయిన అవి చూసే పొలానికి పోతుండె" అని చుక్కల గుంపులను చూపించింది. కొంతసేపటికి బాపు సైకిలు మీద తిరిగొచ్చాడు. చన్నీళ్లే పోసుకున్నాడు. ఒక పూట వంటకు పట్టేంత సమయం గడిచాక మామ కెమెరా కన్ను మూశాడు.

ఫోటో మంచిర్యాలలో కడిగించుకొని వచ్చేదాకా లైనంతా ఎదురుచూసింది. వచ్చాక చూస్తే అందులో మనిషన్నవాడు లేడు. నల్లటి కాగితం మీద వంకర గీతలు, అడుగున ఇళ్ల కప్పుల నల్లటి అంచు, దాని కింద ఇంకొన్ని తెల్లని గీతలు, మచ్చలు. నల్లా దగ్గర అమ్మకు ఇక ఊపిరాడలేదు.

"ఏమే పిల్లా, మీ తమ్ముడు పిల్లి గోకిన గోడను ఫోటో తీసిండా?" అంది అవ్వ. "నా పట్టంచేదే? నా ముక్కుపుల్లన్న కనవడాలె గదనే!"

"పిల్లలకు చల్లటి రొట్టె పెట్టిన" అంది ఖాలా, కోపంగా కాదు, బాధగా. "పక్కా అంటివి గద బహెన్."

ఆ చివరి మాటే అమ్మకు గుచ్చుకుంది. బిందె సగంలోనే ఎత్తుకొని ఇంటికి వచ్చేసింది. మామను తిట్టలేదు. "రేపు నల్లకాడికి నేనెట్ల పోవాలెరా?" అని మాత్రం అడిగి, బిందె మీది నీళ్లు తుడుస్తూ కూర్చుంది. అమ్మ ముఖం అలా చిన్నబోవడం నేను అంతకుముందు చూడలేదు.

మామ ఆ ఆదివారం పగటి వెలుతురులోనే అందరినీ అవ్వ గడప ముందుకు పిలిచాడు. రానన్నవాళ్లను కూడా చేతులు పట్టుకొని తెచ్చాడు. ఫోటోను పీట మీద నిలబెట్టి అన్నాడు: "మా అక్క మాట తప్పలే. అందరు పడ్డరు. కాకపోతే ఒకటి. గీ ఫోటో మిమ్ములను ఒక వంట చేసేంతసేపు చూసింది. మీరు దాన్ని సూదిల దారం ఎక్కిచ్చేంతసేపు గూడ చూడకపోతిరి. కూసోండ్రి. తొందరేం లేదు. చూసినంక తిట్టుండ్రి."

కూర్చున్నారు. మొదట పిల్లలం కిసుక్కున నవ్వాం. తర్వాత నవ్వడానికి కూడా ఏమీ లేక, చూడటం మొదలుపెట్టాం. కాగితం అలాగే ఉంది. మెల్లమెల్లగా మా కళ్లు సర్దుకున్నాయి.

ముందు నోరు తెరిచింది అవ్వే. "మీది గీతలన్ని ఒక్క తీరుగ వంగినయ్‌రా. ఇసుర్రాయి తిప్పితే పిండి రాలినట్టున్నది."

"మరి ఇసుర్రాయి నడుమ మేకు ఏదవ్వా?" అన్నాడు మామ.

అవ్వ ఫోటోకు ముక్కు ఆనించినంత పని చేసి వెతికింది. గీతలన్నీ తిరుగుతుంటే ఒక్క చుక్క మాత్రం దాదాపు చుక్కలాగే నిలబడి ఉంది, కప్పుకు కొంచెం పైన. "ఓయమ్మో! గిది నా ఇంటి మీదనే గదరా!"

"నువ్వు మంచం దిగవు, అది జాగ ఇడవది" అంది ఖాలా. అందరూ గొల్లుమన్నారు. అవ్వకు కోపం రాలేదు. చుక్క కింద తెల్లటి మచ్చను చూపుడువేలితో పొడిచి "అగో, గది నా కందిలే! దాని పక్కన కూసున్నది నేనే!" అని కేకేసింది.

ఇక ఎవరూ ఆగలేదు. తోసుకున్నారు, ఒకరి భుజాల మీది నుంచి ఒకరు వంగారు. ఇది మా పిల్ల దీపం పట్టుకొని పెరట్లోకి పోయింది, ఇది మేం ముగ్గురం గడప మీద కూర్చున్న చోటు అని ఎవరి వెలుగును వాళ్లు పట్టుకున్నారు. అయితే ఇళ్ల ముందు ఆ చివర నుంచి ఈ చివరకు పాకిన గీత ఒకటుంది. ప్రతి గడప దగ్గరా ఆగి, అక్కడ చిన్న ముద్దలా తెల్లబడి, మళ్లీ ముందుకు పోయింది. అది ఎవరిదో తేలలేదు. ఖాలా దాని వెంట వేలు పోనిచ్చింది. తన ఇంటి దగ్గర వేలు ఆగింది.

"బహెన్, గిది నువ్వే. రొట్టెలిచ్చినవ్ గద. నా ఇంటికాడ నిలబడి ముచ్చట పెట్టినవ్ జూడు, ఎంత బుడ్డగున్నదో!"

"నా ఇంటికాడ ఇంకింత పెద్దగున్నది. ఇడువనే ఇడువలే నేను" అంది అవ్వ గర్వంగా.

వెనక నిలబడ్డ అమ్మ ముందుకొచ్చి చూసింది. లైనులోని ఇళ్లన్నింటినీ ఒకే దారంతో కుట్టినట్టు ఉంది ఆ గీత. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మామ మెడకు వేలాడాను.

అప్పుడు మామ, స్తంభానికి ఆనుకొని పట్టనట్టు నిలబడ్డ బాపును పిలిచాడు. "బావా, నీదొక్కటి మిగిలింది. మలుపు నుంచి మన గడపదాక వచ్చిన గీ గీత నీ సైకిల్ లైటు. మరి నడుమల సన్నబడి తెగిందేంది? సైకిలాగితెనే డైనమో లైటు ఆరుతది. సీకట్ల నడి తొవ్వల ఎందుకాగినవ్?"

"గొలుసు పడ్డది" అన్నాడు బాపు.

"గొలుసు మొన్ననే కొత్తది ఏయిస్తివి గదా?" అంది అమ్మ.

బాపు తల గోక్కున్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. "ఆగిన. జర మీదికి చూసిన. ఏం, నేను చూడొద్దా?" అన్నాడు, కయ్యానికి వచ్చినట్టు. ఆ నవ్వులకు లైను కప్పులు ఎగిరిపోలేదంటే ఆశ్చర్యమే. మరునాడు నల్లా దగ్గర అమ్మ బిందెను అవ్వే అందరికంటే ముందు పెట్టించింది. వచ్చే అమావాస్యకు కూడా పొయ్యిలు బంద్ అని తనే చాటింపు వేసింది.

మొన్న మిద్దె మీద నేను ఆ కుర్రాడి ఫోన్ వెనక్కి అడిగి తీసుకున్నాను. మిగతా ముగ్గురినీ కదలనీయలేదు. మసక అన్నాయన గొణిగాడు, గొణిగినా కూర్చున్నాడు. చూడగా చూడగా ఫోటో అడుగున, ఇసుక మీద, సన్నటి వెలుగు గీత ఒకటి దొరికింది. ఇదేంటని అడిగితే కుర్రాడి ముఖం వెలిగింది. "నేనే తాతా. కెమెరా దగ్గరికి నడుచుకుంట వచ్చేటప్పుడు చేతుల టార్చి ఉండె. ఇది ఇప్పటిదాక ఎవ్వలు చూడలే" అన్నాడు. మసక అన్నాయన కళ్లద్దాలు తుడుచుకొని "ఏదీ, ఇటియ్యి" అని ఫోన్ రెండు చేతులతో అందుకున్నాడు.

మామ ఫోటో మా గోడ మీద ఉంది. అంచులు పసుపెక్కాయి. ఎవరు ఏ ఫోటో చేతికిచ్చినా నేను ముందు కూర్చుంటాను, తర్వాతే చూస్తాను. దీన్ని చూసినప్పుడు మాత్రం నా వేలు బాపు గీత వెంట పోయి, అది తెగిన చోట ఆగుతుంది. అక్కడ కాగితం ఉత్త నలుపే. ఆ నలుపులో మా బాపు ఒళ్లంతా బొగ్గుతో, సైకిలు పట్టుకొని, తల పైకెత్తి నిలబడి ఉన్నాడు.