మా తాలీంలో తరుగు

అంకె అబద్ధం చెప్పదని గట్టిగా నమ్మిన వయసు అది. బడిలో లెక్కలు నాకు అంటలేదు. కల్లూరులో ధాన్యం కాంటా దగ్గర గుమాస్తాగా చేరి, తూచీ తూచీ నా అంతట నేనే నేర్చుకున్నాను. అందుకే ఇన్నేళ్లయినా ఆ భద్రాచలం సంగతి తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. తప్పు నాది కాదు. (పూర్తిగా నాది కాదు.)

మా మేనమామ ఊరూరా పందెం కుస్తీలు పట్టి బతికిన పహిల్వాను. మోకాలు పాడై బరి వదిలాక ఒక రేకుల షెడ్డులో కుస్తీ నేర్పే తాలీం తెరిచి, కోచ్, మేనేజర్ రెండూ తానే అయ్యాడు. కోచ్‌గా ఈల ఊదేవాడు, మేనేజర్‌గా కోటు తొడిగేవాడు (నడి వేసవిలో కూడా). ఏడాది తిరిగేసరికి మిగిలిన శిష్యుడు ఒక్కడే, అడవి అంచు గూడెం నుంచి సైకిల్ మీద వచ్చే దూలం అనేవాడు. భద్రాచలం పోటీలో వాడు బరిలో దిగకపోతే తాలీంకు తాళమేనని ముగ్గురికీ తెలుసు. వాడు దిగాల్సింది అరవై అయిదు కిలోల పోటీలో. వారం వారం వాణ్ణి మా కాంటా మీద తూచి రాసే పని నాది.

పోటీ రోజు పొద్దున అక్కడి కాంటా అరవై ఏడు చూపించింది.

"మీ కాంటా ఖరాబైంది సార్! మా అల్లుడు నిన్ననే తూచిండు, అరవై అయిదు. ఆని లెక్క తప్పుతదా?" అని మామ గర్జించాడు. నేను గర్వంగా నోటుబుక్కు తెరిచి అందరికీ వినపడేలా చదివాను. "మొత్తం అరవై ఏడు. తరుగు రెండు. నికరం అరవై అయిదు."

గోనె బరువనీ తేమ అనీ బస్తాకు రెండు కిలోలు కొట్టేయడం మా కాంటా ఆచారం. అది తీయకుండా బరువు రాయాలంటే నా చెయ్యి ఆడేది కాదు.

"తరుగేందన్నా? నేనేమన్న వడ్ల బస్తానా?" అన్నాడు దూలం.

"ఏడాది సంది గిట్లనే రాస్తున్నవారా?" అన్నాడు మామ.

"అవ్ మామా. ఎవలకైనా ఒకటే లెక్క."

బరువు దించుకోవడానికి రెండు గంటలు గడువిచ్చారు. మామ ఎక్కడినుంచో రెండు గొంగళ్లు తెచ్చాడు.

"రెండోది ఎవలకు మామా?"

"నీకే. లెక్క నీది, చెమట గూడ నీదే."

చూశారా అన్యాయం! నా బరువు యాభై ఒకటి. నన్నెవరూ కుస్తీకి పిలవలేదు. అయినా మండుటెండలో, గోదావరి కరకట్ట మీద, గొంగళి కప్పుకుని నేనూ దూలమూ పరుగు. వెనక ఆటోలో కూర్చుని మామ ఈల. యాత్రికులు మాకేదో మొక్కుందనుకుని దారి ఇచ్చారు. "అన్నా, నీ తరుగు పోయిందా?" అని దూలం రొప్పుతూనే నవ్వాడు.

కాంటా సరిగ్గా అరవై అయిదు చూపించింది. బరిలో దిగిన దూలం నాలుగు నిమిషాలు నిలబడి ఓడిపోయాడు. కానీ మామ చుట్టూ జనం మూగారు. "రెండు గంటల్ల రెండు కిలోలు దించుడంటే మాటలా? మా మేనేజ్‌మెంట్ గట్లుంటది!" అన్నాడు కోటు సర్దుకుంటూ. మరుసటి వారం తొమ్మిది మంది చేరారు. నా చెమట గురించి ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు తాలీంలో కోచ్ దూలమే. మామ గుమ్మం దగ్గర కుర్చీలో, అదే కోటులో ఉంటాడు. తాలీంకు కొత్తగా కొన్న కాంటా పైన, గోడ మీద మామ చేతిరాత: 'ఇక్కడ తరుగు తీయబడదు.' దాన్ని చెరిపించాలని మొన్న కోపంగా వెళ్లాను. "నీ పేరు రాయలేదు గదరా," అన్నాడు మామ. ఏమీ తోచక కాంటా ఎక్కాను. ఎనభై ఒకటి. అటూ ఇటూ చూశాను, ఎవరూ నా వైపు చూడటం లేదు.

నికరం డెబ్బై తొమ్మిది అనుకుని దిగాను.