నలభై ఒకటో వరుస

మా అక్కకు జరగబోయేది ముందే చెప్పే రోగం ఉంది. జాతకాలు కాదు, లెక్కలు. ఒక పంపుల కంపెనీలో పద్దెనిమిదేళ్లు అదే పని చేసింది. కంపెనీ మూతపడుతుందని యజమానికంటే ముందు తనే చెప్పింది. చెప్పినట్టే మూతపడింది, తన ఉద్యోగమూ పోయింది. ఎనిమిది నెలలుగా మా ముందుగదిలో సోఫా మీద పడుకుంటోంది. "ఈ ఫ్రిజ్ జూన్ దాటదు" అంది ఒకరోజు. జూన్‌లో పోయింది. అక్కే చంపేసినట్టు మా ఆయన వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు.

అందుకే రెండు వీధుల అవతల ఒక గది చూసుకుంది. ఉద్యోగం రాగానే దిగుతానని, నెలాఖరుదాకా ఆగమని ఇంటావిడను బతిమాలుకుంది.

ఉద్యోగం ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో. ఫైనాన్షియల్ ప్లానింగ్ మేనేజర్. వచ్చే ఏడాది డబ్బు ఎంత వస్తుందో, ఎంత పోతుందో ముందే చెప్పాలి. అంటే మా అక్క రోగానికి జీతమిస్తారన్నమాట. రెండు ఇంటర్వ్యూలు గట్టెక్కింది. మూడోదానికి ఒక ఫైలు పంపారు. ఇదొక ఊహాజనిత కంపెనీ, దీని ఖర్చు పదో వంతు తగ్గించి చూపండి అన్నారు.

రెండు రోజులు మా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని, సాయంత్రం నన్ను పిలిచింది.

"ఊహా లేదు, పాడూ లేదు. ఇది వాళ్ల కంపెనీయే, పేరొక్కటే మార్చారు. నలభై ఒకటో వరుస చూడు."

చూశాను. 'కొత్త మేనేజర్ జీతం' అని ఉంది.

"అది నేనే," అంది. "అనవసరపు ఖర్చు. ఆ విభాగంలో ఇప్పటికే ఉన్న ఇద్దరూ ఆ పని చేసుకోగలరు."

"అక్కా, నీకు దణ్ణం పెడతాను, దాని జోలికి పోకు. ఇంకేదన్నా కొట్టెయ్."

"అన్నీ చూశాను. అది ఉంచితే ఆ ఇద్దరిలో ఒకర్ని తీసెయ్యాలి."

ఎవరైనా కూర్చున్న కొమ్మను నరుక్కుంటారు. మా అక్క ఇంకా ఎక్కని కొమ్మను కూడా వదల్లేదు. మూడో ఇంటర్వ్యూకి వెళ్లి, గాజు గదిలో ముగ్గురు పెద్దల ముందు ఆ మాటే చెప్పి వచ్చింది. ఎలా జరిగిందని అడిగితే, "శ్రద్ధగా రాసుకున్నారు" అంది.

నాలుగో రోజు మెయిల్ వచ్చింది. తొమ్మిదిమందిలో మీ విశ్లేషణే ఉత్తమం, యథాతథంగా అమలు చేస్తున్నాం, కాబట్టి ఈ ఉద్యోగాన్ని రద్దు చేశాం, శుభాకాంక్షలు.

"సరైన నిర్ణయమే," అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఊరికే చాకిరీ చేయించుకుని పొమ్మన్నారే!"

ఆమె వెంటనే ఇంటావిడకు ఫోన్ చేసి, గది వేరే ఎవరికైనా ఇచ్చేయండని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ అడిగింది.

"చెల్లీ, ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉండనా?"

ఎన్నాళ్లో చెప్పలేదు. ప్రతిదానికీ తేదీ చెప్పే మనిషి. నా కోపం ఎటు పోయిందో తెలీదు, గుండె తరుక్కుపోయింది.

"ఉండు," అన్నాను. ఇంకొక్క మాట అంటే ఏడ్చేసేదాన్ని.