నొప్పి మందు పనిచేయని రోజు

రెండేళ్ల కిందటి వానాకాలం. రాయదుర్గం దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా పగటి డ్యూటీలో ఉన్నాను. స్కూటీ జారి చెయ్యి విరిగిన స్వప్న అనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినిని భర్త రమేశ్ తీసుకొచ్చాడు. రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా అని అడిగాను. ఆమె భర్త వైపు చూసి, ఏం లేవంది.

డ్యూటీ డాక్టర్ ఫెంటనిల్ ఇమ్మన్నారు. మార్ఫిన్ కోవకు చెందిన బలమైన నొప్పి మందు అది. నరంలోకి ఇస్తే నిమిషాల్లో మనిషి తేలికపడాలి. స్వప్న తేలికపడలేదు. మరో డోసు ఇచ్చాం. పెదవి కొరుక్కుంటూ అలాగే వణికిపోతోంది. నాకేమీ అర్థం కాలేదు. సూది నరం తప్పిందా అని చూశాను, సరిగానే ఉంది. ఇంజెక్షనే పాడైందా? ఇంకెక్కడైనా దెబ్బ తగిలిందా? నొప్పిని పెద్దది చేసి చెబుతోందేమోనని కూడా ఒక క్షణం అనిపించింది, కానీ ఆ ముఖం అలా లేదు. మోతాదు ఇంకా పెంచితే ఊపిరి మందగించే ప్రమాదం. డాక్టర్ తటపటాయిస్తున్నారు.

ఇంతలో రమేశ్‌ను అడ్మిషన్ కౌంటరుకు పిలిచారు. అతను అటు వెళ్లగానే స్వప్న నా చెయ్యి పట్టుకుంది.

"సిస్టర్, ఒక గోళీ వేసుకుంటున్న. మా ఆయనకు తెల్వదు."

"దేనికమ్మా?"

"తాగుడు తగ్గనీకి."

పేరు అడిగాను. నాల్ట్రెక్సోన్. తాగినా ఆ హాయి తెలియనివ్వక, తాగాలన్న కోరికను తగ్గించే మాత్ర. మార్ఫిన్ కోవ మందులు మెదడులో పనిచేసే చోటే అది అడ్డుగా కూర్చుంటుంది, అందుకే ఫెంటనిల్ పనిచేయలేదు. వెంటనే డాక్టర్‌కు చెప్పాను. మత్తు డాక్టర్ వచ్చి నర్వ్ బ్లాక్, అంటే ఆ ఒక్క చేతిని మొద్దుబార్చే సూది, ఇచ్చారు. కాసేపటికి ఆమె ముఖంలో బిగువు సడలింది.

అప్పుడు చెప్పింది. దేవుడికి మొక్కుకుని మానేశానని ఇంట్లో చెప్పుకుందట.

"మానింది నేనా, గోళీనా? నాకే సమజైతలేదు సిస్టర్."

నేను ఆమె విరిగిన చేతి కింద దిండు సర్దాను.

రమేశ్ తిరిగొచ్చి ఏమైందని అడిగితే తనే చెప్పింది. చేతికి ఆపరేషన్ చేయాలనీ, అందుకు ఆ గోళీ కొన్నాళ్లు ఆపాల్సి రావచ్చనీ డాక్టర్ చెప్పారు. రమేశ్ ముఖంలో ఉన్నది కోపమో బాధో పోల్చుకోలేకపోయాను. అతను డాక్టర్ వైపు తిరిగి, "ఆపరేషన్ కోసం ఆ గోళీ ఆపితే ఈమెకు మళ్ల తాగబుద్ధి అయితదా సార్?" అని అడిగాడు. కావచ్చనీ, అది రాసిచ్చిన డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయిస్తామనీ ఆయన అన్నారు. తను కూడా మాట్లాడతానని రమేశ్ ఆ డాక్టర్ నంబరు స్వప్ననే అడిగాడు.

అప్పటి నుంచి మందుల సంగతి ఇంటివాళ్లను బయటికి పంపాకే అడుగుతున్నాను. ఏం లేవన్నా, వెంటనే కదలకుండా కాసేపు మంచం పక్కనే నిలబడతాను.