తాడుతో తెచ్చిన ఎత్తు

2018లో పత్తి తీతలు సాగుతున్న రోజులవి. దేవరకొండలో ఖిల్లా వైపు వెళ్లే దారిలో నాకు ఫోటో ఫ్రేముల దుకాణం ఉంది. పెళ్లి ఫోటోలు, దేవుడి పటాలు, రిటైరయిన సార్లకు ఇచ్చే సన్మాన పత్రాలు, అన్నీ కడతాను. చెక్క కోయడం, అద్దం కోయడం నాలుగు నెలల్లో ఎవరైనా నేర్చుకుంటారు. సొంత కొలతలతో వచ్చే వాళ్లతో మాట్లాడటం నేర్చుకోవడానికే నాకు చాలా ఏళ్లు పట్టింది.

అలాంటి వాళ్లు రకరకాలుగా ఉంటారు. ఒకాయన ఇంట్లో గోడ మీద జాన పెట్టి కొలిచి, ఆ జానను అలాగే గాలిలో పట్టుకుని బస్సు దిగి వస్తాడు. ఇంకొకామె పిల్లల స్కేలుతో ఫోటో కొలిచి, ఫ్రేము కూడా సరిగ్గా అంతే ఉండాలంటుంది. ఫ్రేము చెక్కకు వెనకవైపు ఒక గాడి ఉంటుంది. దాన్ని మేము రిబేట్ అంటాం. ఫోటో, అద్దం ఆ గాడిలోనే కూర్చుంటాయి కాబట్టి ఫోటో అంచు నాలుగువైపులా కొంత చెక్క కింద దాగిపోతుంది. ఈ సంగతి చెబితే నేనేదో ఫోటోను మింగేస్తున్నట్టు చూస్తారు. అందుకే వాళ్ల మాట విన్నట్టే విని, మెల్లగా నా టేపు తీసి, నా లెక్కకు తెచ్చుకునేవాణ్ణి. సాలమ్మ వచ్చేదాకా ఆ పద్ధతి బాగానే నడిచింది.

సాలమ్మది మర్రిగూడ వైపు ఒక పల్లె. అరవై దాటిన మనిషి. ఒక మధ్యాహ్నం వచ్చి, కొంగుముడి విప్పి పోస్టుకార్డంత ఫోటో ఒకటి బల్ల మీద పెట్టింది. ఎప్పటిదో స్టూడియో ఫోటో. పూల కర్టెన్ ముందు, కుర్చీ మీద ఒక చెయ్యి వేసి, ధోతి, తెల్లంగీతో ఒక యువకుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. అరచెయ్యంత గడియారం కనబడేలా చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"మా ఇంటాయన" అంది. తర్వాత సంచిలోంచి చుట్ట చుట్టిన ఒక సుతిలి తాడు తీసింది. రెండు చివరలా ముడులున్నాయి. "గీ తాడంత కావాలె."

తాడు విప్పి చూస్తే నా నెత్తి దాకా వచ్చింది.

"అమ్మా, ఫోటో చిన్నది. గింత పెద్దగ చేస్తే మొకం చెదిరిపోతది. పన్నెండు పద్దెనిమిది సైజు చేపిస్త, చుట్టూ తెల్ల మౌంట్ ఏస్త, మంచిగుంటది" అన్నాను. మౌంట్ అంటే ఫోటో చుట్టూ ఖాళీ వదలడానికి పెట్టే మందపాటి అట్ట.

"నువ్వు మంచిగ చేస్తవని అందరు చెప్తెనే వచ్చిన బిడ్డా. కొలత మాత్రం నాదే."

"గోడకు పడుతదా? అంత అద్దం బండిల తీస్కపోతుంటే పలుగుతది."

"పడుతది. అద్దం లేకున్నా మంచిదే."

"ఎందుకమ్మా గింత పెద్దది?"

"ఎందుకైతేంది, నువ్వు చెయ్యి" అని తాడును మళ్లీ చుట్ట చుట్టి నా బల్ల మీదే పెట్టి, బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది.

మా వీధి చివర ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. అక్కడి నరేందర్ ఫోటోను స్కాన్ చేసి, తాడును చూసి నవ్వాడు. "అన్నా, లీడర్లకు తప్ప గింత ఎత్తు ఇప్పటిదాక ఎవ్వలకు కొట్టలే." సన్‌బోర్డు అనే గట్టి ఫోమ్ అట్ట మీద అతికించి ఇస్తే అద్దం అవసరం లేదన్నాడు. తాడు ఎంత ఉందో సరిగ్గా అంత ఎత్తు ప్రింటు తీయించాను. మొహం నేను భయపడినట్టే కొంత మసకగా వచ్చింది. ఇంత పెద్ద పనికి చెక్క కోసే ముందు ఒకసారి చూసుకోమంటాను కాబట్టి సాలమ్మకు ఫోన్ చేశాను.

ఈసారి ఆమె ఒక్కతే రాలేదు. ఆటో ఆగాక భర్తను దింపడానికి చాలాసేపు పట్టింది. జంగయ్య నడుము దగ్గర ముందుకు మడుచుకుపోయి ఉన్నాడు. రెండు చేతులతో ఒక కర్ర పట్టుకుని, నేలను చూస్తూ వచ్చాడు. మెడ కూడా లేవదు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ బోరునీళ్లు ఎముకలను ఏం చేశాయో ఇక్కడ అందరికీ తెలుసు. కానీ ఆ ఫోటోలోని యువకుడు ఈయనే అన్న ఆలోచన అప్పటిదాకా నాకు రాలేదు. సాలమ్మ 'మా ఇంటాయన' అన్నప్పుడు ఆయన పోయి ఉంటాడనుకున్నాను. మా దుకాణానికి పాత ఫోటోలు ఎక్కువగా అందుకే వస్తాయి.

ప్రింటును గోడకు ఆనించి పెట్టాను. ఆయనకు ధోతి అంచు, కాళ్లు మాత్రమే కనబడ్డాయి. పైకి చూడాలని తల ఒక పక్కకు తిప్పబోయి ఆగిపోయాడు.

"కింద పండవెట్టు బిడ్డా" అన్నాడు.

నేల మీద పేపర్లు పరిచి ప్రింటును పడుకోబెట్టాను. జంగయ్య కాళ్ల దగ్గర మొదలుపెట్టి, అంచు వెంబడి ఒక్కో అడుగు వేస్తూ చూసుకుంటూ పోయాడు. చేతి దగ్గర ఆగి, "గడియారం స్టూడియోల్దే, ఫోటో దిగినంక తీసినోడు గుంజుకున్నడు" అన్నాడు. మొహం దగ్గర ఇంకా ఎక్కువసేపు ఆగాడు.

"మొకం జర మసక వచ్చింది పెద్దాయనా" అన్నాను.

"నా కండ్లకు అందరు గట్లనే కనవడ్తరు. ఫికర్ చెయ్యకు."

సాలమ్మ మాత్రం తాడు తీసుకుని ఒక ముడి ఫోటోలోని పాదాల దగ్గర పెట్టింది. రెండో ముడి తల దాటి, కర్టెన్ పైఅంచు కూడా దాటి బయటికి వెళ్లింది. పాదాల కింద కూడా స్టూడియో నేల కొంత ఉంది మరి.

"పొట్టిగైండు" అంది.

"తాడు పెట్టే కొట్టించిన కదమ్మా."

"తాడు మనిషికి బిడ్డా. చెక్కకు కాదు."

అప్పుడు జంగయ్య చెప్పాడు. వాళ్ల మనుమరాలు శ్రావణి మూడో తరగతి. బడిలో ఇంట్లోవాళ్ల బొమ్మ గీయమంటే, తాతను తనకంటే పొట్టిగా గీసింది.

"దాని తప్పు కాదు. అది పుట్టినకాన్నుంచి గట్లనే చూసింది. నేను గీ దర్వాజంత ఉంటుంటి అంటే నమ్మలే, నవ్వింది. గడప మీద నిలబడితే నా తలకాయ పై చెక్కకు ఆనేది. గందుకే ఈమె గడప మీదికెల్లి పై చెక్క దాక కొలుచుకొని వచ్చింది."

టేపు తీసి ప్రింటులోని మనిషిని కొలిచాను. తర్వాత లెక్క వేశాను. మనిషి తాడంత రావాలంటే నేల, కర్టెన్ కలిపి ప్రింటు ఇంకా పెద్దది కావాలి. గాడిలో దాగే అంచుకు కర్టెన్, నేల చాలు, తల వెంట్రుక కూడా చెక్క కిందకు పోదు. "ఇంకొకటి కొట్టిస్తా" అన్నాను. సాలమ్మ తాడును నా చేతికిచ్చింది.

ఫ్రేముకు సన్నటి టేకు రంగు మౌల్డింగ్ వేశాను. మౌల్డింగ్ అంటే ఫ్రేము కట్టే అచ్చు చెక్క. దాన్ని ట్రాలీ ఆటోలో గడ్డి పరిచి తీసుకెళ్లాను. మామూలుగా ఇంటికి నేను వెళ్లను, దీనికి వెళ్లాలనిపించింది. ఫ్రేము దర్వాజ కంటే ఎత్తయింది. ఏటవాలుగా తిప్పి, ఇద్దరం ముగ్గురం పట్టి లోపలికి తెచ్చేసరికి వాకిట్లో సగం వాడ పోగయింది. గోడకు ఆనించి నిలబెట్టి, జారకుండా కింద పట్టీ కొట్టాను.

శ్రావణి బడి నుంచి అప్పుడే వచ్చింది. బ్యాగు దింపకుండానే ఫోటో ముందు నిలబడింది. పిల్ల తల ఫోటోలోని మనిషి నడుము దగ్గరి గడియారం దాకా వచ్చింది. మెడ ఎత్తి మొహం చూసి, వెనక్కి తిరిగి మంచం మీద కూర్చున్న తాతను చూసి, మళ్లీ ఫోటో చూసింది.

"తాతా, గింత పొడుగుంటే గీ దర్వాజలకెల్లి ఎట్ల వచ్చేటోనివి?"

"వంగి వచ్చేటోన్ని" అన్నాడు జంగయ్య.

ముందు సాలమ్మ నవ్వింది, తర్వాత వాకిట్లో వాళ్లంతా నవ్వారు. జంగయ్య నవ్వు నేలకేసే వచ్చినా అందరికీ వినబడింది. ఆ పిల్ల ఫోటోకు వీపు ఆనించి, నెత్తి మీద చెయ్యి పెట్టి తాను ఎంత దాకా వచ్చిందో చూసుకుంటోంది.

"నీకు కూడ కనవడాలంటే ఇంకేమన్న చెయ్యాల్నా?" అని జంగయ్యను అడిగాను.

"నాకు కాళ్లు కనవడ్తయ్, సాలు. మిగిలింది అది చూసి చెప్తది." పిల్ల వైపు కర్ర చూపించి, "ఇప్పుడు మంచినీళ్లు వస్తున్నయ్. ఇది మంచిగ పెరుగుతది" అన్నాడు.

సాలమ్మ చాయ్ ఇచ్చింది. తాగి, ఖాళీ ట్రాలీలో ముందు కూర్చుని వచ్చేశాను.

ఇప్పటికీ దుకాణానికి సొంత కొలతలు వస్తూనే ఉంటాయి. చీపురుపుల్ల తుంచి తెస్తారు, చున్నీకి ముడి వేసి తెస్తారు, సెల్‌ఫోన్ పెట్టి ఇట్లాంటివి రెండున్నర అంటారు. ఇదివరకైతే వెంటనే టేపు లాగేవాణ్ణి. ఇప్పుడు ముందు కుర్చీ వేసి, "ఇది దేని కొలత?" అని అడుగుతాను. చాలామంది స్విచ్చుబోర్డుకు, అల్మారాకు మధ్య జాగా అంటారు. కొందరు ఊరికే అంటారు, వాళ్లకు నా సైజులు చూపిస్తాను. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబు చెప్పే ముందు కాసేపు ఆగుతారు. అప్పుడు చేతిలో పని పక్కన పెట్టి వింటాను.